ఏడో గది దుప్పటి

ఏడాదికోసారి మాత్రమే తీస్తారు కాబట్టి ఆ అద్దాల బీరువా తాళం ఏటా మొరాయిస్తుంది. కార్డులమ్మ పెన్సిల్ ములుకు గీకి, ఆ నల్లటి పొడి తాళంచెవికి పట్టించి, భుజంతో తలుపుని నొక్కిపట్టి మెల్లగా తిప్పింది. తాళం వచ్చింది. లోపల పోయినేడు చచ్చిన ఈగ ఒకటి వెల్లకిలా పడివుంది. దాన్ని కాగితం మీదికి ఎత్తి పారేసి, తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి అద్దం తుడిచింది.

విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవాళ్ళు ఆ ఏడాది అచ్చు వేయించుకున్న పుస్తకాలూ, చేసిన సంగీతం రికార్డులూ ఆ బీరువాలో పెట్టి, శుక్రవారం సాయంత్రం లైబ్రరీలో ఒక సభ చేస్తారు. ఒక్కోదాని ముందు ఒక కార్డు నిలబెట్టాలి. పుస్తకం పేరు, రాసినవారు, విభాగం, నాలుగు ముక్కల పరిచయం. పదహారేళ్ళుగా ఆ కార్డులు టైపు చేసేది ఆమే. అందుకే ప్యూను మొదలుకొని ప్రొఫెసర్ల దాకా అందరికీ ఆమె కార్డులమ్మ. నాలుగు ముక్కలు రాయాలన్నా పుస్తకం చదవాలి కదా! రాసినవాళ్ళ ఇంట్లోవాళ్ళు కూడా తిరగెయ్యని పుస్తకాల్ని ఆమె అట్ట నుంచి అట్ట దాకా చదువుతుంది. మట్టిలో ఉండే పురుగుల మీద ఏడువందల పేజీలు చదివింది. అట్ట మార్చి మూడోసారి వేయించుకున్న ఒకే పుస్తకాన్ని మూడుసార్లూ చదివి, మూడుసార్లూ 'సరికొత్త ఆలోచనలు' అని కార్డు మీద కొట్టింది. ఉద్యోగం మరి, ఏం చేస్తుంది.

ఈసారి పదకొండు పుస్తకాలు, రెండు రికార్డులు వచ్చాయి. రికార్డుల పక్కన హెడ్‌ఫోన్లు వేలాడదీసి, అవి పలుకుతున్నాయో లేదో చూడాలి. మొదటిది పియానో. బాగానే పలికింది. రెండోదాని పేరు 'ఏడో గది'. చెవులకు పెట్టుకుని మీట నొక్కింది. ఏదో బరువైన తీగల వాయిద్యం గుర్రుమని మొదలైంది. ఆ తర్వాత ఒక ఆడగొంతు, ఒక్కో మాటా సాగదీసుకుంటూ వచ్చింది.

అంచు పట్టవే, కొస పట్టవే, వెనక్కి జరగవే,
జరిగానే, దులిపానే, దగ్గరికొచ్చానే,
ఏడో గది తెల్లదుప్పటి, ఎవరు పడుకున్నారే,
ఎవరైతేనేం, పొద్దున లేచి ఇంటికి పోయారే,
చేతులు నాలుగూ కలిసినచోట మడత కుదిరిందే.

కార్డులమ్మ చేతిలోని గుడ్డ జారి కిందపడింది. ఇది అమ్మ పాట! హాస్పిటల్ లాండ్రీలో ముప్పై ఏళ్ళు దుప్పట్లు మడతపెడుతూ అమ్మ పాడుకున్న పాట. ఇంట్లో గిన్నెలు తోముతూ, జడ వేస్తూ, కరెంటు పోయినప్పుడు కాలక్షేపానికి పాడిన పాట. రాగం వేరే కానీ మాటల్లో ఒక్క పొల్లు కూడా పోలేదు.

రికార్డుతో పాటు వచ్చిన చిన్న పుస్తకం విప్పింది. 'సంగీతం: సంగీత విభాగం. పాట: అజ్ఞాతం. సేకరణ, వ్యాఖ్యానం: జానపద విభాగం ప్రొఫెసరు.' ఆ ప్రొఫెసరుదే పెద్ద పుస్తకం కూడా పక్కనే ఉంది, 'ఎవరూ రాయని పాటలు' అని. యాభైమూడో పేజీలో ఉంది పాట. దానికింద పన్నెండు పేజీల వివరణ. ఏడో గది అంటే శరీరమనే ఇంట్లో ఆత్మ చేరే ఆఖరి మజిలీ అట. తెల్లదుప్పటి మృత్యువట. ఇంటికి పోవడమంటే ముక్తి అట. 'సుమారు రెండువందల ఏళ్ళనాటి ఈ పాటను అక్షరం ముక్క రాని ఒక ముసలామె నోట విన్నప్పుడు, అర్థం తెలియకుండానే ఆమె ఎంత తత్వాన్ని మోస్తోందో కదా అనిపిస్తుంది.'

ఆ చివరి వాక్యం దగ్గర ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. అర్థం తెలియకుండానా? అమ్మకా?

"ఏమ్మా, అయిపోయాయా కార్డులు?" అంటూ లైబ్రేరియన్ వచ్చాడు. "ఆ 'ఏడో గది' ముందు వరసలో పెట్టు. బడిపుస్తకాల కమిటీవాళ్ళు ఆ పాటని ఆరో తరగతికి తీసుకున్నారట. సోమవారం అచ్చుకి వెళ్ళిపోతోంది."

"రాసిందెవరని వేస్తారు సార్?"

"అజ్ఞాతం అని వేస్తారు. ఎవరూ రాయలేదుగా."

సోమవారం దాటితే అంతే సంగతులు. ఊళ్ళో ఉన్న పిల్లలందరూ అమ్మ పాటని ఎవరూ రాయలేదని బట్టీపట్టి పరీక్షలో రాస్తారు. మార్కులు కూడా వస్తాయి. కార్డులమ్మ టైపు మిషన్ ముందు కూర్చుని పన్నెండు కార్డులు కొట్టింది. పదమూడోదానిలో 'రాసినవారు' అన్నచోటికి వచ్చేసరికి చేతులు ఆగిపోయాయి. ఆ కార్డు అలాగే మిషన్లో వదిలేసి, పాట ఫోన్లోకి ఎక్కించుకుని, పెద్ద పుస్తకం సంచీలో వేసుకుని ఇంటికి వెళ్ళింది.

అమ్మ వేడినీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉంది. పనిలో నిలబడి నిలబడి ఉబ్బిన నరాలు, పని మానేసినా అవి మాత్రం అలాగే ఉన్నాయి. కార్డులమ్మ చెప్పులైనా విప్పకుండా ఫోన్లో పాట పెట్టి తల్లి చెవి దగ్గర పట్టుకుంది.

మొదటి లైను వినగానే అమ్మ నోరు తెరిచింది. తర్వాత నవ్వింది. "ఓసినీ, ఇదెలా వచ్చిందే దీంట్లోకి? ఎవరీ పిల్ల? ఇంత నీరసంగా పాడుతోందేమిటి, తిండి పెట్టట్లేదా? ఇలా పాడుతూ మడిస్తే రోజుకి పది దుప్పట్లు కూడా అవ్వవు. మేమిద్దరం గంటకి నూట ఇరవై తీసేవాళ్ళం."

"పూర్తిగా వినమ్మా."

"వింటున్నాగా. మధ్యలో ఆ గుర్రు గుర్రు ఏమిటి? అక్కడ మా జోడీ అందుకోవాలి కదా."

హాస్పిటల్ దుప్పటి ఒక్క మనిషి వల్ల కాదు. అటు ఒకరు, ఇటు ఒకరు కొసలు పట్టుకుని, లాగి, దులిపి, ఎదురెదురుగా నడిచొచ్చి, కొసలు చేతికి అందించి మళ్ళీ వెనక్కి పోవాలి. అమ్మకి ఎదురుగా ముప్పై ఏళ్ళూ నిలబడింది ఒకే మనిషి. అందరూ వాళ్ళని జోడీలనేవాళ్ళు. వాళ్ళూ ఒకరినొకరు జోడీ అనే పిలుచుకున్నారు. రెండు వీధుల అవతల మేడమీద ఉంటుంది ఆవిడ, మోకాళ్ళ నొప్పులతో.

కార్డులమ్మ యాభైమూడో పేజీ తీసి వివరణ చదివి వినిపించింది. అమ్మ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "ఏడో గదంటే ఆపరేషన్ అయినవాళ్ళని పడుకోబెట్టే గదే తల్లీ! ఇంటికి పోవడమంటే ఇంటికి పోవడమే. మందుల సంచీ పట్టుకుని, చుట్టాల భుజం మీద చెయ్యేసుకుని పోతారు చూడు, అదీ. ఆ గది దుప్పటి ఉతుక్కొచ్చిందంటే ఒకళ్ళు బతికి బయటపడ్డారని మాకు సంతోషం. ముక్తేమిటి, వీడి మొహం! పోయినవాళ్ళ దుప్పట్లు వేరే మూటలో వచ్చేవి, వాటికి మేం పాడేవాళ్ళమే కాదు."

"నీకు కోపం రావట్లేదా?"

అమ్మ కాళ్ళు బకెట్లోంచి తీసి తువ్వాలుతో ఒత్తుకుంది. నవ్వు తగ్గింది. "అక్షరం ముక్క రాదని రాశాడా? మూటల మీద వార్డు పేర్లు ఎవరు చదివారనుకుంటున్నాడు, వాళ్ళ తాతా?" తువ్వాలు మడిచి మోకాలి మీద పెట్టుకుంది. "పాడుకుంటే పాడుకోనీ. ఎవరూ రాయలేదనడమే బాగాలేదు. మేం గాలికి పుట్టించామా? ఆ మంచి మాట పడేదాకా ఎన్ని రోజులు కొట్టుకున్నాం! ఇది మాదీ అని చెప్పు వాళ్ళకి."

"చెప్తాను. మా అమ్మదని మొహం మీదే చెప్తాను. రేపే చెప్తాను," అంది కార్డులమ్మ. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని పళ్ళు కొరుకుతుంటే, "ఎవర్ని నముల్తున్నావు?" అని అడిగాడు భర్త.

మర్నాడు ముందు ఆ రికార్డు చేసిన సంగీతం మేడం గదికి వెళ్ళింది. మేడం తీగల మీద చెయ్యి ఆపి, అంతా విని, ఎర్రబడింది. "నాకు సారు కాగితం మీద మాటలు మాత్రమే ఇచ్చారండీ. రాగం నేనే కట్టుకున్నాను. మీ అమ్మగారు పాడితే వినాలని ఉంది. కానీ రాసినవారి సంగతి సారుదే, నేను మార్చలేను," అంది. మంచిమనిషే. మంచిమనుషులు ఏదీ మార్చలేరు కాబోలు అనుకుంటూ కార్డులమ్మ మెట్లు దిగి, వరండా దాటి, జానపదం ప్రొఫెసరు తలుపు తట్టింది.

గది నిండా చెప్పుల డబ్బాలు. ఒక్కో డబ్బా మీద ఒక సంవత్సరం అంకె. విద్యార్థులు ఊరిమీద పడి సేకరించుకొచ్చిన పాటలన్నీ చీటీల మీద రాసి ఆ డబ్బాల్లో దాచాడాయన. ముప్పై ఏళ్ళ చీటీలు. వాటిని చూపించి మురిసిపోని రోజు ఉండదు.

"సార్, ఆ ఏడో గది పాట మా అమ్మది," అంది నిలబడే.

ఆయన కళ్ళజోడు తీశాడు. "మీ అమ్మగారు కూడా పాడతారా? చాలా సంతోషం. అలా నోటికీ నోటికీ పాకుతుందమ్మా జానపదం."

"పాకలేదు సార్. మా అమ్మ కట్టింది. హాస్పిటల్ లాండ్రీలో."

"అందరూ అలాగే అనుకుంటారు. తను కట్టానని ఆవిడ మనస్ఫూర్తిగానే నమ్ముతూ ఉండొచ్చు." ఆయన గొంతులో చిన్నపిల్లకి చెప్పే ఓపిక. "ఆ శైలి చూడు. ఆ ఏడో గది ప్రతీక చూడు. ఇది ఒక మనిషి కట్టే పాట కాదు."

"ప్రతీకా లేదు, పాడూ లేదు! ఏడో గదంటే ఆపరేషన్ అయినవాళ్ళ గది! ఇంటికి పోవడమంటే బస్సెక్కి ఇంటికి పోవడం! మీరు పన్నెండు పేజీలు రాసేముందు ఒక్కసారి, ఒక్కసారి, ఆ ముసలామె ఎవరో కనుక్కుని మీకు అర్థం తెలుసా అని అడిగారా?" ఆమె గొంతు వరండా దాకా వెళ్ళింది. అటు పోతున్న ఇద్దరు ఆగి మళ్ళీ కదిలారు.

ప్రొఫెసరు మొహం బిగుసుకుంది. "కేకలెందుకు? నేను ఆధారం లేకుండా ఏదీ రాయను. ఎవరు కట్టారో తెలిస్తే అది నా పుస్తకంలో ఉండేదే కాదు. బడిపుస్తకం వాళ్ళూ తీసుకునేవాళ్ళు కాదు." లేచి వేలితో డబ్బాలు వెతికి, ఒకటి దించి, దుమ్ము ఊది, చీటీలు ఒక్కొక్కటే తిరగేశాడు. "ఇదిగో. నువ్వే చదువుకో."

పసుపుబారిన చీటీ. పైన పాట. కింద అచ్చులో గళ్ళు. ఎక్కడ విన్నారు: పట్టణంలో. పాడినవారి పేరు: తెలియదు. వయసు, చదువు: ముసలామె, చదువు లేదు. పాత పాట అని చెప్పింది. అడుగున సేకరించిన విద్యార్థి సంతకం.

గుండ్రటి అక్షరాలు. పొట్ట ఉన్న 'మ'. కార్డులమ్మ చీటీని కిటికీ వెలుగులోకి తిప్పింది. అది తన సంతకమే.

ఇరవై ఒక్క ఏళ్ళ కిందటి సంగతి. తరగతిలో ఒక్కొక్కరూ లేచి తమ పాట ఎవరు పాడారో చెప్పాలి. పక్కమ్మాయి వాళ్ళ అమ్మమ్మ వీణ వాయించేది. ముందు బెంచీ అబ్బాయి వాళ్ళ నాన్న జడ్జి. రోగుల దుప్పట్లు ఉతికే తల్లిని ఆ గదిలోకి తీసుకురావడం ఇష్టంలేక, పంతొమ్మిదేళ్ళ పిల్ల 'తెలియదు' అని రాసి పారేసి, ఆ సంగతే మరిచిపోయింది.

"ఈ సంతకం నాదే సార్," అని ఆమె చెప్పేసరికి, ప్రొఫెసరు చీటీ వంకా ఆమె వంకా మార్చి మార్చి చూశాడు. "ఇది నువ్వా? నువ్వు నా విద్యార్థివా? ఎప్పుడూ చెప్పలేదే."

"మీ తరగతిలో రెండేళ్ళు కూర్చున్నాను సార్," అంది. "పదహారేళ్ళుగా మీ పుస్తకాలకి కార్డులు కూడా నేనే కొడుతున్నాను."

"మరి తప్పెవరిది? నువ్వు రాసిందే నేను నమ్మాను."

ఇంటికొచ్చాక అమ్మ ఆశగా అడిగింది, ఏమన్నాడే అని. "రేపు చెప్తామన్నారు," అంది కార్డులమ్మ. అబద్ధం. తల్లి మొహం చూడలేక వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. ఆ ప్రొఫెసరుని తిట్టుకుందామంటే ప్రతి తిట్టూ తిరిగొచ్చి తనకే తగులుతోంది. ఆయనకి తెలియక రాశాడు. తను తెలిసి రాసింది. ఛీ, ఏం బతుకు!

శుక్రవారం సభకి డెబ్భైమంది దాకా వచ్చారు. పదకొండు పుస్తకాలవాళ్ళూ పదకొండు ఉపన్యాసాలు చేశారు. ఎవరి పుస్తకం ఎవరూ చదవలేదు కాబట్టి అందరూ అందరినీ మెచ్చుకున్నారు. చివర దీపాలు తగ్గించి 'ఏడో గది' వినిపించారు. ఇంటికి పోయారే అన్నచోట ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. బీరువాలో ఆ రికార్డు ముందు మాత్రం కార్డు లేదు. లైబ్రేరియన్ రెండుసార్లు కళ్ళెర్రజేశాడు. కార్డులమ్మ చూడనట్టు నిలబడింది.

"ఎవరికైనా ప్రశ్నలున్నాయా?" అని అడిగాడు లైబ్రేరియన్, ఉండవని తెలిసి.

కార్డులమ్మ చెయ్యెత్తింది. ఆమె చేతికి మైకు ఇవ్వాలా వద్దా అని ప్యూను తటపటాయించాడు. ఆమే లాక్కుంది.

"ప్రశ్న కాదండీ. ఈ పాట చీటీ రాసింది నేను. పేరు తెలియదని అబద్ధం రాశాను. చదువు లేదని రాశాను, అదీ అబద్ధమే. ఆవిడ మా అమ్మ. హాస్పిటల్లో దుప్పట్లు ఉతికేది. అది మీకు తెలియడం ఇష్టంలేక రాశాను. ఏడో గది అంటే ఆపరేషన్ అయినవాళ్ళ గది. పాట రెండువందల ఏళ్ళది కాదు, మా అమ్మది. సోమవారం అచ్చయ్యే పుస్తకంలో అలాగే వెయ్యాలి."

మైకు ప్యూను చేతికి తిరిగి ఇచ్చేసింది. నిన్నటి నుంచి గొంతులో అడ్డంపడ్డ ముల్లు ఊడినట్టే ఉంది.

ప్రొఫెసరు మొహం ఒక్క క్షణం పాలిపోయింది. ఒక్క క్షణమే. మేధావి కదా! లేచి, మైకు అందుకుని, చిరునవ్వు నవ్వాడు. "చూశారా! నేను ముప్పై ఏళ్ళు వెతికిన గొంతు మన లైబ్రరీ గుమ్మంలోనే దొరికింది. దీన్నే పరిశోధన అంటారు. ఈ తల్లిని వెలికితీసిన భాగ్యం మా విభాగానిది. బడిపుస్తకం కమిటీకి రేపే ఉత్తరం రాస్తాను."

చప్పట్లు మోగాయి. ఎవరో ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. ఎవరో ఆమెతో కలిపి ఆయన్ని ఫోటో తీశారు. గెలిచినట్టూ ఉంది, జేబు కొట్టేసినట్టూ ఉంది. అయినా ఒప్పుకున్నాడు కదా, అది చాలనుకుని ఆమె వడివడిగా ఇంటికి నడిచింది.

ఇంకా వెలుతురు పోలేదు. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. కార్డులమ్మ ఎదురుగా నేలమీద కూర్చుని, ముందు తప్పు ఒప్పేసుకుంది. చీటీ సంగతి, అందులో రాసింది, ఎందుకు రాసిందీ అంతా చెప్పింది. తిట్టినా కొట్టినా పడదామని తల వంచుకుంది.

అమ్మ ఇంకో కాయ ఒలిచి గింజలు గిన్నెలో వేసింది. "అదా. తెలీదనుకున్నావా? కాలేజీ గేటు దగ్గరికి కూడా రానిచ్చేదానివి కాదుగా నన్ను. వాన కురుస్తుంటే గొడుగు తెస్తే, ఎవరో ఎరగనట్టు తీసుకుని పోయావు." మరో కాయ అందుకుని, "ముసలామె అని ఎందుకు రాశావే? నలభయ్యొకటే కదే నాకప్పుడు!"

కార్డులమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ముక్కు తుడుచుకుంటూ సభలో జరిగిందంతా చెప్పింది. పాట అమ్మదని ఒప్పుకున్నారని, పుస్తకంలో మారుస్తారని.

"జోడీ సంగతి ఏమన్నారు?" అంది అమ్మ.

"జోడీ సంగతా?"

"ఊఁ."

అమ్మ చేతిలో కాయ సగంలో ఆగిపోయింది.

"మాది అని చెప్పమన్నానా, నాది అని చెప్పమన్నానా?"

"అమ్మా, ఆ కంగారులో..."

"కంగారేమిటి? మూడు రోజుల్నుంచి మా అమ్మ, మా అమ్మ అని ఊరేగుతున్నావు! చేతులు నాలుగూ అని పాటలోనే ఉంది కదే, నాకెన్ని చేతులున్నాయి?" గిన్నె పక్కకి తోసేసింది. గింజలు నేలమీద దొర్లాయి. తల్లికి అంత కోపం రావడం కార్డులమ్మ ఎప్పుడూ చూడలేదు. "ఆయన ఇద్దర్నీ తుడిచేశాడు. నువ్వు ఒకదానికి దండేసి ఒకదాన్ని తుడిచావు. దండ పడింది కదా అని నేను మురిసిపోవాలా? జోడీ మనవరాలు ఆరో తరగతికి వస్తోంది. ఆ పిల్ల వచ్చి ఇది ఫలానా ఆవిడ పాట అని దాని ముందు కూర్చుని బట్టీపడుతుంటే, అది నన్నేమనుకోవాలి? దొంగది అనుకోదూ? ముప్పై ఏళ్ళు ఎదురుగా నిలబడ్డ మనిషే! చెయ్యి, ఆయనకి ఫోన్ చెయ్యి."

కార్డులమ్మ చేసింది. ప్రొఫెసరు ఎత్తాడు. అమ్మ ఫోన్ లాక్కుంది.

"నమస్కారం మాస్టారూ. నేను కార్డులమ్మ వాళ్ళమ్మని. ఆ పాట కట్టింది ఇద్దరం. మీ దగ్గర కాగితం ఉందా? రాసుకోండి."

"అమ్మగారూ, చాలా సంతోషం. రేపెప్పుడైనా తీరిగ్గా కూర్చుని..."

"సోమవారం అచ్చు కదా, రేపేమిటి? రాసుకోండి. అంచు పట్టవే అన్న ముక్క నాది. జరిగానే దులిపానే, అది జోడీది. ఏడో గది, నాది. ఎవరైతేనేం ఇంటికి పోయారే, అది దానిదండీ. అందరూ ఏడ్చారటగా అక్కడ? దానిది ఆ మాట. నాకు అంత మంచిది తట్టలేదు, నేను వేరే ఏదో అంటే అదే మార్చింది. రాశారా? ఆఖరిది, చేతులు నాలుగూ కలిసినచోట..." అమ్మ ఆగింది. కిటికీలోంచి బయటికి చూసింది. "ఇది ఎవరిదో నాకు గుర్తులేదు. ఇద్దరం ఒక్కసారే అనేవాళ్ళం. ముందు ఎవరికి తట్టిందో దాన్ని అడగాలి."

"పర్వాలేదమ్మా, ఇద్దరిదీ అని నేను వేసుకుంటాను."

"మీకు తోచింది మీరు వేసుకుంటేనే కదా ఇంత దాకా వచ్చింది. ఉండండి, కనుక్కుని చెప్తాను."

ఫోన్ కూతురి చేతిలో పెట్టి అమ్మ లేచింది. గోడ పట్టుకుని ఒక కాలు, మరో కాలు చెప్పుల్లో దూర్చింది.

"అమ్మా, తర్వాత చేస్తామని ఆయనకి చెప్పి పెట్టెయ్యనా?"

"ఎందుకూ? లైన్లో ఉండమను. ముప్పై ఏళ్ళు నిలబడి పాడాం మేం. రెండు వీధులు నడిచేదాకా ఆయన కూర్చుని ఆగలేడా? పద, సభలో చెప్పిన నోటితోనే జోడీకీ చెప్పు నువ్వు."

అమ్మ తలుపు తీసుకుని బయటికి నడిచింది. కార్డులమ్మ ఫోన్ చేత్తో పట్టుకుని వెనకాలే మెట్లు దిగింది. అందులోంచి ప్రొఫెసరు హలో, హలో అంటూనే ఉన్నాడు.